డ్యూటీ డాక్టరు ఫోన్లో ఏ పేజీ తెరవాలి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మందిని కింగ్ జార్జ్ ఆసుపత్రికీ (కేజీహెచ్), దగ్గర్లో ఉన్న ఇతర ఆసుపత్రులకీ తరలించారు. అలాంటి పూట క్యాజువాలిటీలో ఉన్న డాక్టరుకు వెంటనే తెలియాల్సిన సంగతులు నాలుగైదే. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు, అందుకని నేలబారున పాకుతుంది. కళ్లు, ముక్కు, గొంతు మండిస్తుంది. మోతాదు ఎక్కువైతే మత్తు కమ్మి స్పృహ తప్పిస్తుంది, ఊపిరితిత్తులు వాచేలా చేస్తుంది. దానికంటూ విరుగుడు మందు లేదు. తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు, కళ్లు కడగడం, ఆక్సిజన్ పెట్టడం, అవసరమైతే శ్వాసకు ఆసరా ఇవ్వడం, కొన్ని గంటలపాటు కనిపెట్టుకుని ఉండడం, ఇదే వైద్యం. విరుగుడు లేదన్న ఆ ఒక్క మాట చాలా విలువైనది. అది ఖాయంగా తెలిసిన డాక్టరు లేని మందు కోసం ఊరంతా ఫోన్లు చేయడు, ఆ సమయం రోగి మంచం దగ్గర గడుపుతాడు. స్టైరీన్ లాంటి పారిశ్రామిక రసాయనాలకు ఎంబీబీఎస్ పాఠాల్లో దొరికే చోటు బహు కొంచెం. ఎంత చెయ్యి తిరిగిన ప్రొఫెసరైనా అలాంటి కేసు అంతకుముందు చూసి ఉండే అవకాశం తక్కువ. అప్పుడు ఎవరి చెయ్యయినా జేబులోని ఫోన్ మీదికే పోతుంది. ఆ ఫోన్లో ఏ పేజీ తెరుచుకుంటుంది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఇవాళ మనం మాట్లాడుకోవాల్సిన విషయం.

అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం విష రసాయనాల మీద టాక్స్‌నెట్ అనే ఉచిత సమాచార నిధిని చాలా ఏళ్లు నడిపింది. 2019 డిసెంబరులో దాన్ని ఆపేసి, అందులోని సమాచారంలో చాలా భాగాన్ని పబ్‌కెమ్ అనే మరో ఉచిత నిధికీ మరికొన్ని చోట్లకూ మార్చారు. వెంకటాపురం ప్రమాదం నాటికి ఆ మార్పు జరిగి ఐదు నెలలు కూడా నిండలేదు. పాత చిరునామానే గుర్తు పెట్టుకున్నవాళ్లకు అలాంటి గడియలో కొత్త చోటు వెతుక్కోవడమే ఒక పని. ఇదేదో ఒక్క టాక్స్‌నెట్‌కే జరిగిందీ కాదు. వైద్య మార్గదర్శకాలన్నిటినీ ఒకచోట కూర్చి పెట్టిన అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటు నేషనల్ గైడ్‌లైన్ క్లియరింగ్‌హౌస్ నిధులు ఆగిపోయి 2018 జులైలో మూతపడింది. ఆరోగ్య వెబ్‌సైట్లను పరిశీలించి, నమ్మదగినవాటికి ముద్ర వేసి ఇచ్చే జెనీవా సంస్థ హెల్త్ ఆన్ ద నెట్ కూడా 2022 చివర్లో పని ఆపేసింది. ఏది నమ్మాలో చెప్పే సంస్థే లేకుండా పోయిందన్నమాట! ఉచితంగా దొరికే ప్రతి పేజీ వెనకా ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉంటారు. వాళ్లు చెయ్యి దించుకున్న రోజున పేజీ ఆగిపోతుంది. కాబట్టి ఒకసారి మంచిదని ఎంచుకున్నాం, ఇక చూసుకోనక్కర్లేదు అనే వీలు ఈ వ్యవహారంలో లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇది. ఉచిత వైద్య సమాచారాన్ని దాని పేరునుబట్టీ, రూపాన్నిబట్టీ, ఎవరో వేసిన ముద్రనుబట్టీ కాకుండా, మన వార్డులోకి నిజంగా వచ్చే కేసులనుబట్టి తూచాలి. ఆ తూకం ప్రమాదం జరిగిన రాత్రి కాదు, తీరికగా ఉన్న ఒక మధ్యాహ్నం జరగాలి. దాన్ని ఒక్కొక్క డ్యూటీ డాక్టరు ఓపికకు వదిలేయకుండా ఆసుపత్రి తన బాధ్యతగా తీసుకోవాలి. ముఖ్యంగా విశాఖలోని దువ్వాడ చుట్టుపక్కల ఆసుపత్రులకు ఇది తప్పనిసరి. ఒక పక్క స్టీల్ ప్లాంటు, ఇంకో పక్క ప్రత్యేక ఆర్థిక మండలి, దిగువన పరవాడ ఫార్మా సిటీ, ఇంకా కిందికి అచ్యుతాపురం. ఇన్ని రకాల రసాయనాలు, ఇన్ని కొలుములు, ఇన్ని వేల మంది షిఫ్టు కార్మికులు ఒకే చోట ఉన్న ప్రాంతంలో డాక్టరును అడిగే ప్రశ్నలు బోస్టన్‌లోనో లండన్‌లోనో అడిగే ప్రశ్నల్లా ఉండవు.

వెబ్‌సైటును ఎలా పరీక్షించాలని అడిగితే సాధారణంగా చెప్పే కొలతలు కొన్ని ఉన్నాయి. ఎవరు రాశారు, వాళ్ల అర్హత ఏమిటి, ఎప్పుడు సవరించారు, ఆధారాలు చూపించారా, ఖర్చు ఎవరిది. ఇవన్నీ అవసరమే, కాదనను. మెడ్‌స్కేప్ లాంటివి ఉచితంగా దొరకడానికి ప్రకటనల ఆదాయం ఒక కారణమని తెలిసి చదివితే ఏ మందు గురించి ఎంత ఉత్సాహంగా రాశారో గమనించగలుగుతాం. అయితే ఈ కొలతల్లోనూ పొరపాటుకు తావుంది. పేజీ చివర ఉండే తేదీనే తీసుకోండి. ఒక అక్షరం దిద్దినా ఆ తేదీ మారవచ్చు, లోపల చికిత్స మాత్రం ఎనిమిదేళ్ల కిందటిదే ఉండవచ్చు. అందుకని తేదీ చూసి ఊరుకోకుండా, కింద చూపిన ఆధారాల్లో అన్నిటికంటే కొత్తది ఏ ఏడాదిదో చూడాలి. పబ్‌మెడ్ విషయంలోనూ అంతే. 1997 నుంచి లోకమంతటికీ ఉచితంగా అందుతున్న గొప్ప సదుపాయం అది, మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు అందులో ఉన్నాయి. కానీ అది వ్యాసాల జాబితా. అందులో పేరు కనిపించినంత మాత్రాన వ్యాసం సరైనదని ఎవరూ హామీ ఇవ్వలేదు. రాత్రి రెండు గంటలకు రోగి పక్కన నిలబడ్డ డాక్టరుకు మూడున్నర కోట్ల వ్యాసాలు అక్కర్లేదు. ఒక ప్రశ్నకు ఒక జవాబు కావాలి. వడపోసి రాసిన సంక్షిప్త గ్రంథాలు, అంటే ఎంఎస్‌డీ మాన్యువల్, స్టాట్‌పెర్ల్స్ లాంటివి ఆ గంటకు ఎక్కువ పనికొస్తాయి. పబ్‌మెడ్ మర్నాడు తీరికగా కూర్చున్నప్పుడు పనికొస్తుంది.

ఇక మన కేసు పెట్టి తూచడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో 20 శాతానికి పైగా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. అది పీల్చి కళ్లు తిరిగిన కార్మికుణ్ణి తీసుకొచ్చారనుకుందాం. నర్సు వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడుతుంది, 99 చూపిస్తుంది. చూసినవాళ్లు పరవాలేదనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ పరికరం రక్తంలోంచి వెళ్లే ఎర్రటి వెలుతురును కొలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్ కూడా ఆ వెలుతురుకు ఆక్సిజన్ పట్టుకున్నదానిలాగే కనిపిస్తుంది. కణాలకు ఊపిరాడకపోతున్నా అంకె మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఇప్పుడు నాలుగు ఉచిత వెబ్‌సైట్లు తెరిచి ఇదే ప్రశ్న వేయండి. పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మవద్దన్న మాట మొదటి తెర మీదే ఉందా, పది తెరలు కిందికి జరిపితే గానీ దొరకదా? కార్బన్ మోనాక్సైడ్‌ను విడిగా కొలిచే కో-ఆక్సీమీటర్ పరీక్ష ఫలితం కోసం ఆగకుండా వెంటనే మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ మొదలుపెట్టమని చెప్పిందా? మామూలు గాలిలో ఆ విషం సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుందనీ, నూరు శాతం ఆక్సిజన్‌తో గంటా గంటన్నరలో దిగుతుందనీ చెప్పిందా? ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే హైపర్‌బారిక్ చాంబర్‌కు పంపమని ఒక వాక్యం రాసి వదిలేసిందా, అది దొరకని చోట ఏం చేయాలో కూడా చెప్పిందా? గర్భిణి అయితే ఏం మారుతుందో రాసిందా? ఈ ఐదు ప్రశ్నలకు ఒక పేజీ ఇచ్చే జవాబులు చూస్తే దాని సత్తా ఏమిటో అరగంటలో తెలిసిపోతుంది. ఏ ముద్రా, ఏ ర్యాంకూ అంత స్పష్టంగా చెప్పలేవు.

మన నేలకు సరిపడటం అనే కొలత మామూలు జాబితాల్లో అంతగా కనిపించదు, నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం. టైఫాయిడ్ సంగతే చూడండి. సిప్రోఫ్లాక్సాసిన్ వాడమని రాసిన పేజీలు ఇప్పటికీ నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, దేశంలోని ఆసుపత్రుల నుంచి ఏటా సేకరించే నమూనాలు మరో సంగతి చెబుతున్నాయి. టైఫాయిడ్ క్రిముల్లో అత్యధిక భాగం ఆ మందుకు లొంగడం మానేశాయి. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ పనిచేస్తున్నాయి. విచిత్రమేమిటంటే ఎప్పుడో పక్కన పెట్టేసిన క్లోరాంఫెనికాల్‌కు ఆ క్రిములు మళ్లీ లొంగుతున్నట్టు అవే నివేదికలు చూపిస్తున్నాయి. ఆ నివేదికలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. పాము కాటుకు అమెరికా పేజీ చెప్పే విరుగుడు మన పాములకు పనికిరాదు. మనకు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి చేసిన మందు ఉంది, దాని మోతాదు లెక్క వేరు. పచ్చగన్నేరు గింజలు మింగిన కేసు, ఎలుకల మందు పేస్టులోని పచ్చ భాస్వరం తిన్న కేసు మన వార్డుల్లో చూసినంతగా పాశ్చాత్య దేశాల్లో చూడరు. అందుకని అక్కడి పుస్తకాల్లో వాటికి దక్కేది రెండు మూడు పంక్తులే. ఇంకో చిక్కు కూడా ఉంది. పారాసిటమాల్ ఎక్కువ మింగిన మనిషికి నాలుగు గంటల దగ్గర రక్తంలో ఎంత ఉంటే విరుగుడు మొదలుపెట్టాలి? అమెరికా పేజీ 150 అంటుంది. బ్రిటన్ 2012లో తన గీతను 100కు దించింది. రెండూ పేరున్న సంస్థలే, రెండూ తమ తమ లెక్కల ప్రకారం సరైనవే. మన ఆసుపత్రి ఏ గీతను పాటిస్తుందో ముందే తేల్చుకోకపోతే, పగటి డాక్టరు ఒక పేజీ చూసి మందు అక్కర్లేదంటాడు, రాత్రి డాక్టరు ఇంకో పేజీ చూసి మొదలుపెడతాడు. కొలమానాల తేడా కూడా ఉంది. బ్రిటన్ పేజీల్లో రక్తంలో చక్కెర 10 అని రాసి ఉంటే మన లెక్కలో అది 180. అలసిపోయిన కళ్లకు ఇలాంటివి చిన్న విషయాలు కావు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం, డాక్టర్లకు ఇంత తీరిక ఎక్కడుంది అని. తీరిక లేదన్నది నిజమే. నా వాదనకు అదే ఆధారం కూడా. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 103 మంది కుటుంబ వైద్యుల్ని గమనించి చేసిన అధ్యయనం 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రోగుల్ని చూస్తుండగా ఆ డాక్టర్లకు 1,101 సందేహాలు వచ్చాయి. వాటిలో జవాబు కోసం వెతికినవి 36 శాతమే. వెతికిన ఒక్కో ప్రశ్న మీద సగటున రెండు నిమిషాలు కూడా పెట్టలేదు. అయినా వెతికిన వాటిలో 80 శాతానికి జవాబు దొరికింది. అంటే వెతికితే దొరుకుతుంది, వెతికే వ్యవధి మాత్రం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఈ వెబ్‌సైటు నమ్మదగినదా కాదా అని విచారించే సావకాశం ఎవరికీ ఉండదు. ఆ విచారణ ఇంకెవరైనా, ఇంకెప్పుడైనా, ముందే చేసి పెట్టి ఉండాలి.

డబ్బు కట్టి మంచిది ఒకటి కొనుక్కుంటే ఈ బెడద అంతా ఉండదు కదా అన్నది రెండో అభ్యంతరం. కొనగలిగినవాళ్లు కొనాలి, తప్పకుండా. అప్‌టుడేట్ లాంటివి శ్రద్ధగా సవరిస్తూ ఉంటారన్నది వాస్తవం. కానీ కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పది ఆన్‌లైన్ వైద్య గ్రంథాలను పోల్చి 2012లో ఫలితాలు ప్రకటించారు. నాణ్యత, విస్తృతి, సవరణలో వేగం, ఈ మూడింటిలోనూ అన్నిటినీ మించినది ఒక్కటీ లేదని తేలింది. పైగా ధర. పేద దేశాలకు పత్రికల్ని ఉచితంగానో చౌకగానో అందించే హినారి పథకం 2002లో మొదలైనా, ఆ జాబితాలో భారతదేశం లేదు. 2007లో ఐసీఎంఆర్ దేశం మొత్తానికి చందా కట్టి, వైద్య పరిశోధనల సమీక్షలను కూర్చే కాక్రేన్ లైబ్రరీని అందరికీ తెరిచింది. అది నిజంగా మెచ్చుకోవలసిన పని. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను అందిస్తోంది. అయితే అది ప్రభుత్వ విద్యాసంస్థలకూ, పరిశోధన సంస్థలకూ. గాజువాకలో 30 పడకల ప్రైవేటు ఆసుపత్రికి అది అందదు. ఫర్నేస్ దగ్గర కాలిన కార్మికుణ్ణి మొదట దింపేది చాలాసార్లు అలాంటి ఆసుపత్రి గుమ్మంలోనే. వాళ్లకు ఉచిత సమాచారమే ఆధారం. ఆధారపడక తప్పనప్పుడు దాన్ని బాగా పరీక్షించి ఆధారపడాలి.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఉన్నాయి, 2019 నుంచి ప్రామాణిక చికిత్స పద్ధతులు కూడా ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీగా ఉచితంగా ఇస్తోంది, వాటినే పాటిస్తే పోలేదా? చాలా వరకు పోతుంది. మన మందులు, మన ఆసుపత్రుల స్థాయి దృష్టిలో పెట్టుకుని రాసినవి కాబట్టి వాటికే మొదటి స్థానం ఇవ్వాలి. అయినా కళ్లు మూసుకుని కాదు. కోవిడ్‌కు ప్లాస్మా చికిత్స వల్ల ప్రయోజనం కనబడలేదని ఐసీఎంఆరే 39 ఆసుపత్రుల్లో, 464 మంది రోగులతో చేసిన ప్లాసిడ్ పరిశోధన 2020 అక్టోబరులో ప్రచురితమైంది, ఎవరైనా చదువుకునేలా ఉచితంగా. జాతీయ మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే నెలలో. మధ్యలో ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో, రెండో వేవ్ నడుస్తుండగా, ప్లాస్మా దాత కోసం ఎన్ని కుటుంబాలు ఎలా తిరిగాయో మనందరికీ గుర్తే. అలాగని కొత్తగా వచ్చిన ప్రతి వ్యాసాన్నీ పట్టుకుని పరుగెత్తడమూ ప్రమాదమే. హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్ అంతటి పత్రికలో 2020 మే 22న వచ్చిన వ్యాసాన్ని జూన్ 4న ఉపసంహరించుకున్నారు, దాని వెనక ఉన్న వివరాలను సరిచూసే దారి లేదని. అందుకే మార్గదర్శకం, సంక్షిప్త గ్రంథం, మూల పరిశోధన, మూడూ తెలిసి, ఒకదానితో ఒకటి సరిచూసే మనిషి ఆసుపత్రికి ఒకరు ఉండాలి. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు అన్ని ప్రశ్నలకూ అనర్గళంగా జవాబిస్తున్నాయి. వాటినీ ఇదే ప్రశ్నలతో పరీక్షించండి. రచయిత పేరు, తేదీ, ఆధారం చూపని జవాబును రోగి మీద ప్రయోగించే హక్కు మనకు లేదు. చూపినా, ఆ ఆధారం తెరిచి చదివాకే నమ్మాలి.

ఇదంతా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక ఫిజీషియన్, ఒక మత్తు డాక్టరు, ఫార్మసిస్టు, క్యాజువాలిటీ నర్సు, కాలేజీ ఆసుపత్రి అయితే లైబ్రేరియన్, వీళ్లు మూడు నెలలకోసారి రెండు గంటలు కూర్చోవాలి. గత మూడు నెలల్లో వార్డులో నిజంగా తలెత్తిన సందేహాలు ఓ ఇరవై రాసుకుని, ప్రతి వెబ్‌సైటునూ వాటితో పరీక్షించాలి. గెలిచినవి మూడో నాలుగో మాత్రమే క్యాజువాలిటీ కంప్యూటర్లో ఉంచాలి. నెట్ పోయినా పనికొచ్చేలా ముఖ్యమైన పేజీలు తేదీ వేసి ముద్రించి ఫైల్లో పెట్టాలి. ఏ పేజీ దేనికి పనికిరాదో కూడా రాసిపెట్టాలి, అది ఇంకా ముఖ్యం. విషాల విషయంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి నడుస్తున్న జాతీయ విష సమాచార కేంద్రం ఇరవై నాలుగు గంటలూ ఫోన్లో సలహా ఇస్తుంది. ఆ నంబరు గోడ మీద ఉండాలి. అన్ని వెబ్‌సైట్లూ మూగబోయినా అవతల మాట్లాడేందుకు ఒక మనిషి ఉంటాడు.

డాక్టర్లతోపాటు కర్మాగారాల భద్రతా అధికారులకు కూడా ఒక విన్నపం. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల కింద ప్రతి ప్రమాదకర రసాయనానికీ భద్రతా వివరాల పత్రం మీ దగ్గర ఉండి తీరాలి. అది మీ ఆఫీసు బీరువాలో ఉంటే కార్మికుడికి ఉపయోగం లేదు. గేటు దాటాక అంబులెన్సు ఏ ఆసుపత్రికి పోతుందో మీకు తెలుసు. ఏ షెడ్డులో ఏ రసాయనం ఎంత నిల్వ ఉందో, దాని పత్రంతో సహా ఆ ఆసుపత్రి క్యాజువాలిటీకి ఇప్పుడే పంపండి. అక్కడి డాక్టరు వెతకాల్సిన పేరు ముందుగా తెలిస్తేనే ఏ వెబ్‌సైటైనా, ఉచితమైనదైనా ఖరీదైనదైనా, ఆయనకు ఉపయోగపడుతుంది.